కమిషన్ సరే... రేటెంత?

“సార్, కమిషన్ ఎంత?” విదేశీ కరెన్సీ అమ్మే కౌంటర్ దగ్గర మనవాళ్లు వేసే మొదటి ప్రశ్న ఇదే. “కమిషన్ ఏమీ లేదమ్మా, జీరో” అని అవతలి నుంచి జవాబొస్తుంది. అంతే, మనసు కుదుటపడుతుంది. నాన్న చెక్కు పుస్తకం తీస్తారు. బేరం ముగిసిపోతుంది. అసలు బేరం మొదలవ్వాల్సింది అక్కడే!

ఫోన్ కొనాలంటే మనం ఎంత హడావిడి చేస్తామో తెలుసు కదా. పది సైట్లు తిరుగుతాం. ఏ బ్యాంకు కార్డుకి ఐదొందలు తగ్గుతుందో చూస్తాం. పండగ సేల్ కోసం నెల రోజులు ఆగుతాం. నేను గ్యాడ్జెట్ల గురించి రాసేవాడిని కాబట్టి ఆ ప్రశ్నలు రోజూ వస్తాయి. అదే మనిషి మాస్టర్స్‌కో, ఇంటర్న్‌షిప్‌కో, కంపెనీ ట్రైనింగ్‌కో విదేశం వెళ్తూ రెండు లక్షల రూపాయలు డాలర్లలోకి మార్చేటప్పుడు ఒక్క చోట అడిగి, ఇచ్చింది తీసుకుని వచ్చేస్తాడు. వీసా, టికెట్లు, సూట్‌కేసు బరువు, ఆవకాయ ప్యాకింగ్... అన్నీ అయ్యాక చివరి మూడు రోజుల్లో గుర్తొచ్చే పని ఇది. ఆ మూడు రోజుల ఖరీదు కొన్ని వేల రూపాయలు. చాలా ఇళ్లలో అది వడ్డీకి తెచ్చిన డబ్బు.

నా అభిప్రాయం ఒక్కటే. కమిషన్ ఎంత అని అడగడం మానేయండి. రేటు ఎంత, ఆ రేటుకీ మార్కెట్ రేటుకీ తేడా ఎంత అని అడగండి. కరెన్సీ అమ్మేవాళ్లు సంపాదించేది ముఖ్యంగా ఆ తేడాలోనే. కమిషన్ అనేది రసీదు మీద కనిపించే చిన్న గీత. తేడా మాత్రం రేటులోనే కలిసిపోయి ఉంటుంది, ఎక్కడా విడిగా కనిపించదు.

లెక్క సులువు కోసం మార్కెట్‌లో డాలర్ సరిగ్గా 90 రూపాయలు ఉందనుకుందాం. మీకు 2,000 డాలర్లు కావాలి. మొదటి కౌంటర్‌లో రేటు 91.80, కమిషన్ సున్నా. మొత్తం 1,83,600 రూపాయలు. రెండో చోట రేటు 90.50, సర్వీస్ ఛార్జి 300. మొత్తం 1,81,300. ‘జీరో కమిషన్’ బోర్డు ఉన్న చోటే 2,300 రూపాయలు ఎక్కువ పోయింది. మొదటివాడు మార్కెట్ రేటు మీద రెండు శాతం వేసుకున్నాడు, రెండోవాడు అర శాతం కంటే కాస్త ఎక్కువ. రెండు చోట్లా జీఎస్టీ పడుతుంది కానీ అది మార్చిన మొత్తం మీద 18 శాతం కాదు, భయపడకండి. లక్ష రూపాయల వరకు ఒక శాతాన్ని సేవ విలువగా లెక్కేసి, దాని మీద 18 శాతం వేస్తారు. అంటే లక్షకి 180 రూపాయలు. పై ఉదాహరణలో రెండు చోట్లా సుమారు 250 రూపాయలే. “జీఎస్టీ వల్లే రేటు ఎక్కువైంది” అని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు.

మార్కెట్ రేటు ఎంతో మనకెలా తెలుస్తుంది? గూగుల్‌లో కొడితే వచ్చే రేటు దాదాపు అదే. ఇంకా గట్టిగా కావాలంటే ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా అనే సంస్థ పనిదినాల్లో మధ్యాహ్నం వేళ డాలర్, పౌండ్, యూరో, యెన్‌లకు రిఫరెన్స్ రేటు ప్రకటిస్తుంది. 2018 జులై వరకు ఈ పని రిజర్వ్ బ్యాంకే స్వయంగా చేసేది. ఆ రేటుకి మనకెవరూ అమ్మరు. అది బ్యాంకులు తమలో తాము కోట్లలో చేసుకునే లావాదేవీల రేటు. నోట్లు తెప్పించడం, భద్రపరచడం, బీమా, దుకాణం అద్దె వగైరా ఖర్చులు అమ్మేవాడికీ ఉంటాయి కాబట్టి కొంత ఎక్కువ తీసుకోవడం న్యాయమే. ఆ ‘కొంత’ ఎంతో మనకి తెలిసి ఇవ్వాలి అన్నదే నా గొడవ.

బోర్డు మీద రెండు అంకెలుంటాయి. బయ్యింగ్, సెల్లింగ్. ఆ మాటలు దుకాణదారు వైపు నుంచి రాసినవి. ‘సెల్లింగ్’ అంటే అతను మనకి అమ్మే రేటు, అంటే మనం కొనేది. ఇందులో తికమకపడి తక్కువ అంకె చూసి సంతోషపడేవాళ్లు ఉన్నారు. ఈ రెండు అంకెల మధ్య దూరం చూస్తే చాలు, ఆ దుకాణం సంగతి అర్థమైపోతుంది. కొనేది 87.50, అమ్మేది 92 అని రాసుంటే, ఈ రోజు 500 డాలర్లు కొని రేపు ప్రయాణం రద్దయి తిరిగిచ్చేస్తే 2,250 రూపాయలు గల్లంతు. ఏమీ ఖర్చు పెట్టకుండానే!

విమానాశ్రయం కౌంటర్లలో ఈ దూరం ఎక్కువగా ఉండటానికి పెద్ద కారణం వెతకక్కర్లేదు. అక్కడ నిలబడ్డ మనిషికి ఇంకో దారి లేదు, టైమూ లేదు. అందుకే శంషాబాద్ చేరుకునేసరికి మీ జేబులో డాలర్లు ఉండాలి. ఊళ్లో అమ్మేవాళ్లకి ఫోన్ చేసి “ఈ రోజు 2,000 డాలర్లకి, అన్ని ఛార్జీలూ కలిపి నేను మొత్తం ఎన్ని రూపాయలు ఇవ్వాలి?” అని అడగండి. ఈ ఒక్క వాక్యం చాలు. రేటు ఇంత, ఛార్జి ఇంత, డెలివరీ ఇంత అని ముక్కలుగా చెప్తే పోల్చడం కష్టం. మొత్తం అంకె ఒకటే అడిగితే దాక్కోవడానికి చోటుండదు. మూడు చోట్ల, అదే రోజు, వీలైతే అదే గంటలో అడగండి. మీ బ్యాంకును అందులో ఒకటిగా పెట్టుకోండి గానీ, ఖాతా ఉంది కదా అని అక్కడే చవక అనుకోకండి. తక్కువ చెప్పిన చోటి అంకెను రెండో చోట చెప్తే చాలాసార్లు దిగొస్తారు. ఇది కూరగాయల బేరం లాంటిదేం కాదు అని మొహమాటపడతారు మనవాళ్లు. అచ్చంగా అలాంటిదే.

ఒకటి చూసుకోవాలి. అమ్మేవాళ్లకి రిజర్వ్ బ్యాంక్ లైసెన్స్ ఉండాలి. బ్యాంకులు, అధీకృత డీలర్లు, మనీ ఛేంజర్ల జాబితా రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఇంటికి తెచ్చిచ్చే ఆన్‌లైన్ సేవలకీ ఇదే పరీక్ష. రసీదు ఇవ్వను, కాస్త తక్కువకే ఇస్తాను అనేవాడి దగ్గర కొనొద్దు. తిరిగొచ్చాక మిగిలింది అమ్మాలన్నా, కస్టమ్స్‌వాళ్లు అడిగినా చూపించాల్సింది ఆ కాగితమే.

చేతిలో నోట్లెన్ని?

ఇంట్లో పెద్దవాళ్ల లెక్క వేరు. “ఎందుకైనా మంచిది, అంతా క్యాష్ తీసుకెళ్లు నాన్నా” అంటారు. వాళ్ల భయానికి చరిత్ర ఉంది. 1970ల్లో అమెరికా వెళ్లినవాళ్లు జేబులో ఎనిమిది డాలర్లతో దిగామని ఇప్పటికీ చెబుతుంటారు. విదేశీ మారకం అంటే అప్పట్లో దేశానికే కరవు. 1973 నాటి ఫెరా చట్టం దాన్ని దాదాపు నేరం కింద చూసేది. దాని స్థానంలో ఫెమా 2000 జూన్‌లో అమల్లోకొచ్చింది. 2004లో రిజర్వ్ బ్యాంక్ ఒక్కొక్కరికి ఏడాదికి 25,000 డాలర్ల వరకు పంపుకునే పథకం తెచ్చింది. లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్, పొట్టిగా ఎల్‌ఆర్‌ఎస్. ఇప్పుడా పరిమితి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లు. డాలర్లు దొరకడం ఇప్పుడు సమస్యే కాదు. ఏ ధరకి దొరుకుతున్నాయన్నదే సమస్య.

నోట్ల రూపంలో మాత్రం చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే ఇస్తారు. ఇరాన్, రష్యా లాంటి కొన్నిటికి వేరే నిబంధనలున్నాయి. మిగతాది కార్డులోనో, బ్యాంకు ద్వారానో తీసుకెళ్లాలి. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచే కొనుక్కోవచ్చు. పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు అడుగుతారు. 50,000 రూపాయలు దాటితే నగదు తీసుకోరు, ఖాతా నుంచే కట్టాలి. ఎవరి ఖాతా నుంచి కడితే ఒప్పుకుంటారో ముందే అడిగేయండి. బాబాయ్ అకౌంట్ నుంచి పంపిస్తానంటే కుదరదని చివరి రోజు తెలిస్తే ఇంట్లో పెద్ద రభస.

అమెరికా, యూరప్ లాంటి చోట్లకి మూడు నుంచి ఐదొందల డాలర్ల నోట్లు చాలని నా లెక్క. దిగగానే ట్యాక్సీ, భోజనం, కార్డు పనిచేయకపోతే రెండు రాత్రుల బస. అంతకంటే ఎక్కువ నోట్లు ఆరుగురు ఉండే అపార్ట్‌మెంట్ గదిలో పెట్టుకుని నిద్ర చెడగొట్టుకోవడం దేనికి? తీసుకునేది కూడా అన్నీ వంద డాలర్ల నోట్లు వద్దు. పది, ఇరవై నోట్లు కావాలని ముందే చెప్పండి. బస్సులోనూ కాఫీ కొట్టులోనూ వంద నోటు తీస్తే మొహం చిట్లిస్తారు.

నోట్లు కౌంటర్ దగ్గరే ఒక్కొక్కటీ చూసుకోండి. చిరుగు, పెన్ను గీత, స్టాప్లర్ రంధ్రం ఉన్నవి వెనక్కిచ్చేయండి. మన దగ్గర ఇవి మామూలే గానీ ఇండోనేషియా, కంబోడియా లాంటి దేశాల్లో గీత పడ్డ డాలర్ నోటును తీసుకోరు. ఇంకో ముచ్చట. “మొన్నెప్పుడో లండన్ నుంచి తెచ్చాను, వాడుకోరా” అని పెదనాన్న బీరువాలోంచి పౌండ్లు తీసిస్తారు. ప్రేమగా తీసుకోండి, కానీ చేత్తో తడిమి చూడండి. కాగితపు 20, 50 పౌండ్ల నోట్లు 2022 సెప్టెంబరు 30తో చలామణీలోంచి పోయాయి. ఐదు, పది పౌండ్ల కాగితపు నోట్లు అంతకుముందే పోయాయి. ఇప్పుడున్నవన్నీ పాలిమర్ నోట్లే. పాతవాటిని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఇప్పటికీ మార్చిస్తుంది గానీ, దిగిన రాత్రి ట్యాక్సీవాడు మార్చడు.

కార్డు తీసేముందు

కార్డు విషయంలో మొదటి పని ఇక్కడే, ఇంట్లోనే చేయాలి. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులు దేశంలో మాత్రమే పనిచేసేలా వస్తాయి. విదేశీ లావాదేవీలను మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి, పరిమితి పెట్టుకోవాలి. ఇది తెలియక అక్కడ సూపర్ మార్కెట్ క్యూలో నిలబడి చెమటలు పట్టించుకునేవాళ్లు బోలెడు. ఓటీపీ మన ఇండియా నంబరుకే వస్తుంది కాబట్టి ఆ సిమ్‌కి రోమింగ్ ఆన్‌లో ఉంచండి. నంబరు బతికుండేలా రీఛార్జ్ చేసే బాధ్యత తమ్ముడికో చెల్లికో అప్పజెప్పండి.

ఇక ఖర్చు. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డులు చాలావరకు విదేశీ వాడకం మీద మార్కప్ వేస్తాయి. 3.5 శాతం అన్నది తరచూ కనిపించే అంకె. దాని మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే 4.13 శాతం. 90,000 రూపాయల ఖర్చుకి 3,717 రూపాయలు. ఈ అంకె కార్డు ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉండదు, ఛార్జీల పట్టిక అనే పీడీఎఫ్‌లో ఏ నాలుగో పేజీలోనో ఉంటుంది. చదవండి. ప్లేస్‌మెంట్ ఆఫర్ లెటర్‌లో బాండ్ క్లాజు ఎంత జాగ్రత్తగా చదువుతారో అంత జాగ్రత్తగా. మార్కప్ లేని కార్డులు కూడా ఇప్పుడు మన దేశంలో ఉన్నాయి. విద్యార్థికి అలాంటి క్రెడిట్ కార్డు దొరకడం కష్టం కావచ్చు, కొన్ని ఖాతాలకు డెబిట్ కార్డు మీదే ఆ వెసులుబాటు ఉంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం మాత్రం ఆఖరి దారిగానే ఉంచుకోండి. ఫీజుతో పాటు మొదటి రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

ఫారెక్స్ కార్డు అంటే ముందే డాలర్లో యూరోలో నింపుకునే ప్రీపెయిడ్ కార్డు. రేటు నింపిన రోజుదే, తర్వాత రూపాయి పడిపోయినా మనకి సంబంధం లేదు. మంచి సాధనమే. కానీ ఇక్కడా అదే ప్రశ్న అడగాలి. నింపే రేటు ఎంత? నోట్ల రేటు కంటే కార్డు రేటు సాధారణంగా తక్కువ ఉంటుంది. నోట్ల రేటే చెప్తే ఎందుకని అడగండి. డాలర్లు నింపి లండన్‌లో గీకితే ఒక కరెన్సీ నుంచి ఇంకోదానికి మార్చినందుకు మళ్లీ కోత పడుతుంది. కొన్నిటికి వాడకపోయినా ఛార్జి ఉంటుంది.

కంపెనీ ఆన్‌సైట్ పంపినప్పుడు రోజువారీ భత్యం చాలాసార్లు ఈ కార్డులోనే వేస్తారు. అది మీ డబ్బు కాదు, లెక్క చెప్పాల్సిన డబ్బు. బిల్లులు ఫొటో తీసి పెట్టుకోండి. మొదటి ట్రిప్‌లోనే ఫైనాన్స్ టీమ్‌తో మెయిళ్ల యుద్ధం ఎందుకు?

అన్నిటికంటే చిన్న బటన్, పెద్ద నష్టం ఒకటుంది. అక్కడ దుకాణంలో కార్డు పెట్టగానే మెషీన్ ఎంతో మర్యాదగా అడుగుతుంది: రూపాయల్లో కడతారా, స్థానిక కరెన్సీలోనా? మనకి తెలిసిన రూపాయి కనిపించగానే ప్రాణం లేచొస్తుంది, అదే నొక్కేస్తాం. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. ఆ క్షణంలో రేటు నిర్ణయించేది మీ బ్యాంకో కార్డు నెట్‌వర్కో కాదు, అవతలి దుకాణం వైపు సంస్థ. దాని ఇష్టం వచ్చినంత. ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీనే ఎంచుకోండి. ఏటీఎంలో కూడా ‘కన్వర్షన్‌తో’, ‘కన్వర్షన్ లేకుండా’ అని అడిగితే లేకుండానే. దుకాణదారు మన తరఫున నొక్కేయబోతే ఆపండి.

సింగపూర్, దుబాయ్, శ్రీలంక, నేపాల్, మారిషస్ లాంటి చోట్ల కొన్ని దుకాణాల్లో మన యూపీఐ కూడా నడుస్తోంది. పారిస్‌లో ఈఫిల్ టవర్ టికెట్‌తో ఫ్రాన్స్‌లోనూ 2024లో మొదలైంది. టెక్నాలజీ రాసేవాడిగా నాకిది ముచ్చటే. కానీ దాన్నే నమ్ముకుని వెళ్లకండి. కాకినాడ టీకొట్టులో ఉన్నట్టు అక్కడ ప్రతి కొట్లో క్యూఆర్ ఉండదు.

“మా అన్న అక్కడ డాలర్లిస్తాడు...”

మన తెలుగు ఇళ్లలో బాగా నడిచే పద్ధతి గురించి మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. డల్లాస్‌లో ఉన్న సీనియర్ మీకు వెయ్యి డాలర్లు ఇస్తాడు. గుంటూరులో ఉన్న వాళ్ల నాన్నగారికి మీ నాన్నగారు 90,000 రూపాయలు ఇచ్చేస్తారు. బ్యాంకు లేదు, మార్కప్ లేదు, జీఎస్టీ లేదు, అందరికీ లాభం. చేసేవాళ్లంతా దీన్ని సాయం అనుకుంటారు, తప్పని ఎవరికీ అనిపించదు. నేను ఇప్పటిదాకా రేటులో తేడా గురించి ఇంత గోల చేశాను కాబట్టి మీరు అడగొచ్చు, ఇదే కదా అసలైన జీరో మార్కప్ అని.

ఫెమా చట్టం మూడో సెక్షన్ ప్రకారం విదేశీ మారకం లావాదేవీలు అధీకృత వ్యక్తుల ద్వారానే జరగాలి. ఇక్కడ రూపాయలిచ్చి దానికి బదులు అక్కడ డాలర్లు తీసుకోవడం ఆ గీత దాటుతుంది. సరిహద్దు ఒక్క నోటూ దాటలేదు కదా అన్న వాదన నిలవదు. ఉల్లంఘనకు ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా వేసే వీలుంది. దగ్గరి బంధువు అక్కడ ఉండి, ఇక్కడ ఏమీ తీసుకోకుండా మీకు ఖర్చులకి ఇస్తే సంగతి వేరు. ఇక్కడ ప్రతిఫలం చేతులు మారడమే చిక్కు.

చట్టం ఎక్కడో దూరంగా ఉందనిపిస్తే, దగ్గరగా ఉన్న ప్రమాదం చెప్తాను. ఈ పద్ధతి తెలిసిన సీనియర్ దగ్గర ఆగదు. విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తుంది. “నా దగ్గర డాలర్లున్నాయి, రూపాయలు కావాలి, గూగుల్ రేటు కంటే తక్కువకే ఇస్తా” అని ఎవరో మెసేజ్ పెడతారు. పేరు తెలుగు పేరే, డీపీలో యూనివర్సిటీ టీషర్టే. మీ ఖాతాలో డాలర్లు పడతాయి, ఇక్కడ నాన్న రూపాయలు పంపేస్తారు. కొన్ని రోజులకి తెలుస్తుంది, ఆ డాలర్లు ఎవరిదో హ్యాక్ చేసిన ఖాతా నుంచి వచ్చాయని. బ్యాంకు వెనక్కి తీసుకుంటుంది, మీ ఖాతానూ మూసేయొచ్చు. కొత్త దేశంలో మొదటి సెమిస్టర్‌లో బ్యాంకు ఖాతా పోవడం అంటే అద్దె చెక్కు పోవడం, క్యాంపస్ ఉద్యోగం జీతం ఆగడం. రివర్స్‌లో కూడా జరుగుతుంది. మీరు డాలర్లిస్తే, ఊళ్లో అమ్మ ఖాతాలో పడిన రూపాయలు ఏదో సైబర్ మోసంలో కొట్టేసినవి. బాధితుడు ఎక్కడో 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తాడు. డబ్బు నడిచిన దారంతా ఖాతాలు స్తంభిస్తాయి. పెన్షన్ వచ్చే ఖాతా ఆగిపోయి, పేరు కూడా వినని రాష్ట్రంలోని పోలీస్ స్టేషన్‌కి అమ్మ జవాబు చెప్పుకోవాలి. రెండు శాతం మిగుల్చుకోవడానికి ఇంత అవసరమా?

ఇంకో చిన్న విషయం. ఇలా వచ్చిన డబ్బుకి కాగితం ఉండదు. వీసా పొడిగింపుకో, మరో దేశం వీసాకో నిధులు ఎక్కడివని అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు.

ఫీజు కట్టాలన్నా ఇదే కథ, అంకెలే పెద్దవి. జర్మనీ వెళ్లేవాళ్లు బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలన్న నిబంధన 2024 సెప్టెంబరు నుంచి ఉంది. ఇంత మొత్తంలో యూరోకి ఒక్క రూపాయి తేడా అంటే దాదాపు పన్నెండు వేలు. బ్యాంకు నుంచి పంపేటప్పుడు మధ్యలోని బ్యాంకుల ఛార్జీలు ఎవరు భరిస్తారో ఫారంలో టిక్ పెట్టాలి. పంపేవారే భరించేలా పెట్టకపోతే అవతల పది, ఇరవై యూరోలు తక్కువ చేరి “మీ మొత్తం పూర్తి కాలేదు” అని మెయిల్ వస్తుంది. కన్సల్టెన్సీవాళ్లు “ఫారెక్స్ మేం చూసుకుంటాం” అంటే చూసుకోనివ్వండి, కానీ ఇంకో రెండు చోట్ల కొటేషన్ మీరు చూసుకున్నాక.

టీసీఎస్ అనగానే ఇంజినీరింగ్ పిల్లలకి క్యాంపస్ ప్లేస్‌మెంట్ గుర్తొస్తుంది. ఇది ఆ టీసీఎస్ కాదు, మూలం దగ్గరే వసూలు చేసే పన్ను. 2025 ఏప్రిల్ నుంచి ఆర్థిక సంవత్సరంలో ఎల్‌ఆర్‌ఎస్ కింద పంపింది పది లక్షలు దాటితేనే, దాటిన మొత్తం మీద పడుతుంది. గుర్తింపు ఉన్న సంస్థ నుంచి విద్యారుణం తీసుకుని పంపితే లేదు. శాతాలు బడ్జెట్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి పంపే వారం బ్యాంకులో అడగాలి. ముఖ్యమైన సంగతి ఏంటంటే ఇది పోయే డబ్బు కాదు. ఎవరి పాన్ మీద కట్టారో వాళ్ల ఐటీ రిటర్నులో సర్దుబాటవుతుంది, లేదా రీఫండ్ వస్తుంది. ఆదాయం లేని విద్యార్థి పాన్ మీద కడితే ఆ విద్యార్థి రిటర్ను వేయాల్సిందే. చాలామంది వేయరు. ప్రభుత్వం దగ్గర ఉండిపోయిన సొమ్మును తర్వాత ఖర్చు కింద రాసేసుకుంటారు.

ఇంతా చెప్పాక రిజర్వ్ బ్యాంక్ మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. మామూలు మనుషులు పారదర్శకమైన రేటుకి డాలర్లు కొనుక్కోవడానికి ఎఫ్‌ఎక్స్ రిటైల్ అనే వేదిక 2019 ఆగస్టులోనే మొదలైంది. క్లియరింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నడుపుతోంది. మన బ్యాంకు ద్వారా నమోదు చేసుకుంటే మార్కెట్ రేటు మన కళ్లముందే కనిపిస్తుంది, బ్యాంకు తన ఛార్జి విడిగా చెప్పాలి. ఆలోచన అద్భుతం. నాకు తెలిసిన విద్యార్థుల్లో దీని పేరు విన్నవాళ్లు నలుగురు కూడా లేరు. బ్రాంచికెళ్లి అడిగితే ఎదురు మనల్నే “అదేంటండీ?” అంటారు. యూపీఐని పానీపూరీ బండి దాకా తీసుకెళ్లిన దేశంలో ఇది మాత్రం ఎవరికీ తెలియకుండా ఉండిపోయింది. తేడా మీద బతికే బ్యాంకులే దీన్ని ప్రచారం చేయాలంటే ఎలా చేస్తాయి? ఆ పని రిజర్వ్ బ్యాంకే చేయాలి. కౌంటర్ బోర్డుల మీద కొనే రేటు, అమ్మే రేటు పక్కన ఆ రోజు రిఫరెన్స్ రేటు కూడా అదే సైజు అక్షరాల్లో కనిపించేలా చూడాలి. పెట్రోల్ బంకులో లీటరు ధర కనిపించినట్టు. మన కాలేజీలూ అంతే. రెజ్యూమె వర్క్‌షాపులు, మాక్ ఇంటర్వ్యూలు, జీఆర్‌ఈ సెమినార్లు పెడతాయి, ఏటా ఇంతమందిని విదేశాలకి పంపామని హోర్డింగులు వేస్తాయి. డబ్బు ఎలా తీసుకెళ్లాలో చెప్పే ఒక్క గంట క్లాసు పెట్టవు.

“డాలర్ ఇంకా పెరుగుతుందా, ఆగమంటావా బ్రో?” అన్నది నాకు వచ్చే ప్రశ్నల్లో ఎప్పుడూ ఉండేది. వచ్చే వారం రూపాయి ఎటు పోతుందో నాకే కాదు, టీవీలో సూటు వేసుకుని చెప్పేవాళ్లకీ తెలియదు. కౌంటర్‌లో పోయే రెండు శాతం మాత్రం ఖాయంగా పోయేది. తెలియని దాని కోసం గోళ్లు కొరుక్కునే బదులు తెలిసిన దాన్ని తగ్గించుకోండి. మనసు ఊరుకోకపోతే అరవై రోజుల్లో రెండు మూడు విడతలుగా కొనండి.

చిన్న ట్రిప్ అయితే తిరిగొచ్చేటప్పుడు మిగిలిన నోట్ల సంగతి. 2,000 డాలర్ల విలువ వరకు మీ దగ్గరే ఉంచుకోవచ్చు, అంతకు మించింది 180 రోజుల్లో తిరిగి అమ్మేయాలి. మళ్లీ వెళ్లే అవకాశం ఉంటే అమ్మకండి, అమ్మే రేటులో మళ్లీ కోత ఎందుకు? కొన్న రసీదు మాత్రం పాస్‌పోర్టుతో పాటే ఉంచండి. నాణేలు ఇక్కడి కౌంటర్లలో తీసుకోరు. విమానం ఎక్కేముందే అక్కడి కొట్లో ఒక చాక్లెట్ ప్యాకెట్ కింద ఇచ్చేసి, తక్కువ పడింది కార్డుతో కట్టేయండి. స్థానిక కరెన్సీలోనే.